పడగొట్టబోయే పెంకుటింటి మీద డ్రాయింగ్ ప్రాజెక్టు: ఎక్కడ మొదలుపెట్టాలి?

అమ్మా, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్లకి కూడా సంగతి తెలియాలి కాబట్టి ముందు క్లుప్తంగా చెప్తాను. నువ్వు విశాఖలో బీఎఫ్ఏ మూడో ఏడు చదువుతున్నావు. మీది పలాస దగ్గర పల్లె. "మీ ఇంటి పరిసరాల నుంచి ప్రయోగాత్మక డ్రాయింగ్" అని ప్రాజెక్టు ఇచ్చారు, ఆరు వారాలు గడువు. ఇంటికొచ్చి పదిహేను స్కెచ్‌లు వేసి తీసుకెళితే మీ గైడ్ చూసి "బొమ్మలు బాగున్నాయి, ప్రయోగం ఏదమ్మా?" అన్నారు. అప్పటి నుంచి నీకు టెన్షన్. కాఫీ డికాక్షన్‌తో గీయాలా, జీడిపిక్కల నూనెతో గీయాలా, సవర గిరిజనుల గోడ బొమ్మలు కలపాలా అని అడిగావు. చివర్లో, దీనికి సంబంధం లేని కబురులాగా ఇంకో వాక్యం రాశావు. ఈ ఎండాకాలం ఇల్లు పడగొట్టి డాబా కడుతున్నారు, నాయనమ్మ మాత్రం ఇంకా ఒప్పుకోలేదు అని.

నీ ప్రాజెక్టు ఆ చివరి వాక్యంలోనే ఉంది.

నేను విజయనగరంలో దాదాపు ముప్పై ఏళ్లు డ్రాయింగ్ చెప్పాను. నీలాంటి పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. చెయ్యి బాగా నడుస్తుంది, చూపూ ఉంటుంది. కానీ ప్రయోగం అనే మాట చెవిన పడగానే ఇల్లొదిలేసి సామాన్ల వెంట పడతారు. ఏ రంగు కొత్తది, ఏ కాగితం కొత్తది, ఇంతవరకూ ఎవరూ దేనితో గీయలేదు అని వెతుకుతారు. కాఫీతో గీస్తే వచ్చేది కాఫీ రంగు బొమ్మ. దానివల్ల మీ ఇంటి గురించి నీకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు.

నువ్వు పెట్టిన నాలుగు స్కెచ్‌ల ఫోటోలు చూశాను. వీధరుగు, పెరట్లో నుయ్యి, వంటింటి పొయ్యి, దండెం మీద చీర. పర్‌స్పెక్టివ్‌లో తప్పు లేదు. పొయ్యి వెనక నీడ చాలా బాగా పట్టుకున్నావు. అయితే నాలుగింట్లోనూ నువ్వు నిలబడింది ఒకే చోట, గుమ్మంలో, ఫోటో తీసేవాళ్లు నిలబడే చోట. సోంపేటలోనో నెల్లిమర్లలోనో ఏ పెంకుటిల్లు చూసినా ఈ బొమ్మలు వేయొచ్చు. పెంకులన్నీ ఒకేలా వేశావు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తీరం దాటింది మీ పలాస దగ్గరే. మీ కప్పు మీద అప్పుడు మార్చిన పెంకులూ అంతకుముందువీ కలిసి ఉండి ఉంటాయి. ఒకసారి నిచ్చెన వేసుకుని చూడు. నాటు పెంకు అయితే లోపలి వైపు వేలు పెట్టి తడిమి చూడు. కుమ్మరి సారె మీద గొట్టంలా చేసి సగానికి కోసిన పెంకు కాబట్టి కుమ్మరి వేళ్ల చారలు వరసగా తగులుతాయి. బెంగుళూరు పెంకుకి ఆ చారలుండవు, అది అచ్చులో వచ్చింది. నీ స్కెచ్‌లో ఈ రెంటికీ తేడా లేదు.

ఇదంతా నేను ఎలా నేర్చుకున్నానో కూడా చెప్పాలి. మా ఇల్లు రాజాం వైపు. వంటింటి తలుపు వెనక గోడ మీద మా అమ్మ బొగ్గుతో పాల లెక్క రాసేది. రోజుకో నిలువు గీత, నాలుగు గీతలయ్యాక అయిదోది వాటి మీదుగా ఏటవాలుగా. పాలు రాని రోజు చిన్న సున్నా. నెలాఖరున తడిగుడ్డతో తుడిచేది. సున్నం గోడ కాబట్టి బొగ్గు పూర్తిగా పోయేది కాదు. పాత నెలల గీతలు బూడిద రంగులో అడుగున ఉండిపోయేవి, వాటి మీద కొత్త నెల నల్లగా మొదలయ్యేది. అలా ఎన్నేళ్ల లెక్కో ఆ గోడలో పొరలు పొరలుగా ఉండేది. నేను డ్రాయింగ్ చదువుకుని వచ్చి ఆ ఇంటిని వీధిలోంచి, పెరట్లోంచి, ఎదురింటి మేడ మీంచి గీశాను. తలుపు వెనక గోడ వైపు ఒక్కసారీ చూడలేదు. ఒక సంక్రాంతికి ఇంటికి డిస్టెంపర్ వేయించాం. డబ్బు నాదే, దగ్గరుండి వేయించిందీ నేనే. ఆ తర్వాత చాలా ఏళ్లకి గానీ ఆ గోడ మా ఇంట్లోని అన్ని బొమ్మల్లోకీ గొప్పదని నాకు తెలియలేదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ గీతల ఏటవాలు కనిపిస్తుంది, అమ్మ చెయ్యి ఎటు నుంచి ఎటు పోయేదో తెలుస్తుంది.

ఇంటి బొమ్మ గీయడం వేరు, ఇంటి చేత గీయించడం వేరు. మీ గైడ్ అడుగుతున్నది రెండోదని నాకనిపిస్తోంది.

ప్రయోగం అంటే ఫలితం నీకు ముందుగా తెలియకూడదు. నువ్వు ఒక నియమం పెట్టుకుంటావు, ఒకే ఒక్క సంగతి మారుస్తావు, మిగతావన్నీ కదపకుండా ఉంచుతావు, ఏమొచ్చిందో రాసుకుంటావు. సైన్సు ల్యాబ్‌లో చేసేదీ ఇదే. "ఈ రోజు చీపురు పుల్లతో వేశాను, రేపు స్పాంజితో వేస్తాను" అంటే అది సరదా. "ఒకే తలుపుని ఆరు రకాల ఒత్తిడితో రుద్దాను, నాలుగో దాంట్లో నాకు అంతకుముందు కనపడని ఉలి దెబ్బలు కనపడ్డాయి" అంటే ప్రయోగం.

అందుకని మొదటి నాలుగు రోజులూ గీయొద్దు. ఒక నోటుబుక్కు పట్టుకుని ఇల్లంతా తిరుగు. ఇంట్లో ఇప్పటికే ఎవరో గీసి ఉంచిన గీతలన్నీ రాసుకో. వంటింటి తలుపు తెరిచి మూసే చోట నేల చూడు. పాత ఇళ్లలో తలుపు రెక్క కాస్త కిందికి జారి ఉంటుంది. కింది మూల గచ్చుకి రాసుకుంటూ పావు వృత్తం గీసేస్తుంది. మీ ఇంటి వయసెంతో అన్నేళ్లు రోజుకి పది ఇరవైసార్లు కంపాస్ తిప్పినట్టు అదే చాపం మీద అదే మూల తిరిగింది. దాని లోతు వేలితో తడిమి చూడు, గోడ దగ్గర ఎక్కువ, మధ్యలో తక్కువ, లేదంటే అటుదిటు ఉంటుంది. మీ ఇంట్లో తలుపు సగం తెరిచే అలవాటా, పూర్తిగా తెరిచే అలవాటా అన్నది ఆ గీతే చెప్తుంది. ఇంకా చూడు. క్యాలెండర్ తీసేసిన చోట గోడ మీద మిగిలిన తెల్లటి నలుచదరం. ద్వారబంధం మీద అందరూ చెయ్యేసి దాటే ఎత్తులో నూనె పట్టి నల్లబడిన చోటు. చూరు నీళ్లు పడీ పడీ పెరటి నేల మీద ఏర్పడిన గుంటల వరస. ఆ గుంటలు ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయో కొలిస్తే పైన పెంకుల వరసల మధ్య దూరమే వస్తుంది. కప్పు తన కొలత తానే నేల మీద వేసుకుంది.

ఈ జాబితా నలభై దాటాలి. ఇరవై దగ్గర ఆగిపోతే ఇంకా సరిగ్గా చూడలేదని అర్థం. అందులోంచి ఒక్కటి, మహా అయితే రెండు ఎంచుకో. అన్నీ చేద్దామనుకుంటే ఆరు వారాలూ నలభై శాంపిళ్లతో అయిపోతాయి, అప్పుడు గైడ్ మళ్లీ అదే ప్రశ్న వేస్తారు. నేనైతే ఏం తీసుకుంటానో చెప్తాను, నిర్ణయం మాత్రం నీదే.

మొదటిది రుద్ది తీయడం. చిన్నప్పుడు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దే ఉంటావు, అదే. మాక్స్ ఎర్న్‌స్ట్ అనే చిత్రకారుడు 1925లో ఫ్రాన్స్‌లో ఒక సముద్రపొడ్డు హోటల్‌లో చెక్క నేల గీరల మీద కాగితం పరిచి ఇలాగే రుద్ది, దాన్నో పద్ధతిగా చేసుకున్నాడు. మన రోజుల్లో కొరియా కళాకారుడు డో హో సూ, న్యూయార్క్‌లో ఏళ్ల తరబడి అద్దెకున్న ఇంటిని వదిలే ముందు గోడలకీ తలుపులకీ స్విచ్‌లకీ కూడా కాగితం అంటించి రంగు పెన్సిళ్లతో రుద్ది ఇల్లు మొత్తం కాగితం మీదికి తెచ్చుకున్నాడు. ఆయన పనులు నెట్‌లో చూడు. అయితే ఆయనలా ఇల్లంతా చేయాలనుకోకు. నీకు ఒక్క తలుపు చాలు.

తలుపు ఆరడుగులు, మూడడుగులు అనుకుందాం. 22×30 అంగుళాల షీటు నిలువుగా పెడితే వెడల్పుకి రెండు, ఎత్తుకి మూడు, మొత్తం ఆరు షీట్లు. మందపాటి కార్ట్రిడ్జ్ కాగితం వద్దు, సన్న గీరలు దానిలో పడవు. ముందు న్యూస్‌ప్రింట్ మీద సాధన చెయ్యి. అది 45–50 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) ఉంటుంది, ప్రతి గీరా పట్టుకుంటుంది, ధర కూడా తక్కువ. కాకపోతే కొన్నాళ్లకే పచ్చబడిపోతుంది కాబట్టి తుది పని పల్చటి హ్యాండ్‌మేడ్ కాగితం మీద చేసుకో. నిలువు తలుపు మీద బొగ్గు రాలిపోతుంది. మైనపు క్రేయాన్‌కి చుట్టూ ఉన్న కాగితం తీసేసి, పడుకోబెట్టి, పక్కతో రుద్దు. సున్నం గోడకి టేపు అంటించొద్దు, తీసేటప్పుడు సున్నం పెచ్చు ఊడొస్తుంది. నాలుగు మూలలా కాస్త మైదా జిగురు చాలు, లేదా తమ్ముణ్ణి పట్టుకోమను. సముద్రపు గాలికి పొద్దున్నే కాగితం మెత్తబడి ఉంటుంది, రుద్దితే చిరుగుతుంది. పదిగంటలు దాటాక మొదలుపెట్టు. మైనంతో రుద్దాక పైన పల్చటి సిరా పూస్తే మైనం ఉన్న చోట సిరా అంటదు, లోతుల్లో మాత్రమే దిగుతుంది. అప్పుడు ఎత్తులు ఒక రంగు, పల్లాలు ఒక రంగు అవుతాయి.

ఆ సిరా కూడా తలుపులోంచే రావచ్చు. తుప్పు పట్టిన పాత బందులు, మేకులు, గడియ ముక్కలు ఓ మట్టికుండలో వేసి బెల్లం, నీళ్లు పోసి మూత పెట్టి రెండు మూడు వారాలు ఉంచు. ఘాటు వాసనొస్తుంది, పెరట్లో పెట్టుకో. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు నలుపు గీతకి వాడేది ఇలాంటి నీళ్లే. కరక్కాయ పొడి నీళ్లలో మరిగించి కాగితానికి పూసి ఆరనిచ్చి, దాని మీద ఈ ఇనుప నీళ్లతో గీత గియ్యి. కుంచె పెట్టినప్పుడు గీత వెలిసినట్టు ఉంటుంది, చూస్తుండగానే నల్లబడుతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి ఆ నలుపవుతాయి, గాలి తగిలే కొద్దీ చిక్కబడుతుంది. తొందరగా కావాలంటే వెనిగర్‌లో మేకులు వేస్తే కొద్ది రోజుల్లోనే పనికొస్తుంది. ఒక్క జాగ్రత్త, ఈ సిరాలో పులుపు ఉంటుంది, ఏళ్లు గడిస్తే కాగితాన్ని తినేస్తుంది. పల్చగా పూయి. పసుపు కూడా వాడొచ్చు, సున్నం తగలగానే పారాణిలా ఎర్రబడుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఎండ తగిలితే పసుపు నిలవదు, వెలిసిపోతుంది. నీ పనికి ఆ వెలిసిపోవడమే కావాలంటే సరే, లేకపోతే వద్దు.

జీడిపిక్కల నూనె మాత్రం ముట్టుకోకు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను. పిక్క పెంకులోని ఆ నూనె చర్మం మీద పడితే బొబ్బలెక్కుతుంది, మచ్చలు పడతాయి, కాలిస్తే వచ్చే పొగ కళ్లకీ గొంతుకీ మంచిది కాదు. పలాసలో పిక్క కొట్టే ఆడవాళ్ల వేళ్లు నువ్వు చూసే ఉంటావు. ఒకప్పుడు చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టడానికి నల్లజీడి రసం వాడేవాళ్లు, అది వేరే చెట్టు, దాని స్వభావమూ ఇంతే. ఏ ప్రాజెక్టూ నీ చేతుల కంటే ఎక్కువ కాదు.

బొగ్గు కావాలంటే కప్పులోంచి తీసుకో. పెంకులు దింపేటప్పుడు పాత వెదురు బద్దలు, వాసం ముక్కలు దొరుకుతాయి. రంగు, వార్నిష్ వేసిన కర్ర వద్దు. వేలెడంత సన్నగా చీల్చి, మూత ఉన్న రేకు డబ్బాలో కిక్కిరిసి సర్దు. మూతకి మేకుతో ఒక చిన్న రంధ్రం తప్పకుండా పెట్టు, లేకపోతే లోపలి ఆవిరికి డబ్బా పేలుతుంది. ఆరుబయట కట్టెల పొయ్యిలో నిప్పుల మధ్య పెట్టు. కాసేపటికి రంధ్రంలోంచి తెల్లటి పొగ చిమ్ముకొస్తుంది. ఆ పొగ పల్చబడి పూర్తిగా ఆగేదాకా కదపకు, కర్రని బట్టి అరగంట నుంచి గంట దాకా పడుతుంది. తర్వాత బయటికి తీసి చల్లారేదాకా మూత తెరవకు. వేడి మీద తెరిస్తే గాలి తగిలి బొగ్గు కాస్తా బూడిదవుతుంది. పిల్లలందరూ ఇక్కడే తొందరపడతారు. తర్వాత వెదురు బొగ్గుతో ఒకటి, వాసం బొగ్గుతో ఒకటి, పెరట్లో మునగ కొమ్మ బొగ్గుతో ఒకటి, ఒకే గీత మూడుసార్లు గీసి చూడు. ఏది గరుకు, ఏది మెత్తన, ఏది తుడిస్తే పోతుంది, ఏది పోదు అన్నవి రాసుకో. ఇంటి కప్పు బొగ్గుతోనే తలుపు నేల మీద గీసిన చాపాన్ని రుద్దావంటే, ఆ పనిలో బయటి నుంచి తెచ్చింది కాగితం ఒక్కటే.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన దాని దగ్గరికి వస్తాను. నాయనమ్మ ఇప్పటికీ పెరటి వసారా పేడతో అలుకుతుందని రాశావు. ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశావా? గొంతుకూర్చుని, వెనక్కి జరుగుతూ, చెయ్యి కుడి నుంచి ఎడమకి సగం చక్రంలా తిప్పుతుంది. ప్రతి తిప్పుకీ నేల మీద నాలుగు వేళ్ల చాపాలు పడతాయి, దాని మీద రెండోది సగం ఎక్కుతుంది, దాని మీద మూడోది. చేప పొలుసుల్లా వసారా అంతా పరుచుకుంటుంది. ఆ చాపం వ్యాసార్ధం నాయనమ్మ చెయ్యి పొడవు. నువ్వు అలికితే అంత రాదు, మీ అమ్మ అలికితే ఇంకోలా వస్తుంది. వయసు మీదపడి భుజం పట్టేస్తే చాపం చిన్నదవుతుంది. నడుం వంగని రోజు చాపాల మధ్య ఖాళీ పెరుగుతుంది. గడప దగ్గరికొచ్చేసరికి చోటు చాలక చివరి నాలుగైదు తిప్పులూ ఇరుకుగా ఉంటాయి. డాబాకి టైల్స్ వేశాక ఈ గీత ఇక ఎవరూ గీయరు.

దాన్ని నువ్వు ఫోటో తీస్తే అది ఫోటోయే. గుడ్డ మీద అలికించు. కాగితం తడికి ఆగదు. కాస్త మందమైన నూలు గుడ్డ తీసుకో. పొందూరు ఖద్దరు మీద వేయాలని కొందరికి ఆశ ఉంటుంది. ఆ గుడ్డ అంత సన్నగా రావడానికి వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతారు, ఎంతో శ్రమతో తయారయ్యే గుడ్డ అది, దాన్ని మట్టి పనికి వాడొద్దు. మామూలు ముతక గాడా గుడ్డ చాలు. గుడ్డ మీద కథల బొమ్మలు వేసే చేర్యాల నకాషీ వాళ్లు తమ గుడ్డని ఎలా సిద్ధం చేస్తారో అలా చెయ్యి. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి రెండు మూడు పూతలు వేసి ఆరబెట్టు. చింతగింజలు నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లలో ఉడికిస్తే జిగురవుతుంది. అలికే పేడ, మట్టిలో కూడా ఆ జిగురు కాస్త కలిపితే ఆరాక రాలదు. పూత పల్చగా ఉండాలి, మందమైతే నెర్రెలిస్తుంది. ఆరాక మడత పెట్టకు, గొట్టానికి చుట్టుకో.

నియమం ఇలా పెట్టుకోవచ్చు. ఒకే కొలత గుడ్డలు మూడు, ఒకే మట్టి, ఒకే రోజు. ఒకటి నాయనమ్మ, ఒకటి అమ్మ, ఒకటి నువ్వు. మూడూ పక్కపక్కన పెడితే మూడు తరాల భుజాలు కనిపిస్తాయి. "నాయనమ్మ చేసింది నీ పని ఎలా అవుతుంది" అని ఎవరైనా అడుగుతారని నీకు భయం ఉంటుంది. నియమం నీది, ఎంపిక నీది. గీత ఆవిడది. పక్కన పెట్టే చీటీ మీద ఆవిడ పేరు ముందు రాయి, నీ పేరు తర్వాత రాయి. ఆవిడని అడిగి, ఒప్పుకుంటేనే చెయ్యి. ఇల్లు పడగొట్టడం ఇష్టం లేని మనిషి, ఈ పని ఎందుకో చెప్తే తప్పకుండా కూర్చుంటారని నా నమ్మకం.

దీనికి తోడు ఇంకొకటి కావాలంటే వంటింట్లో గాజు పెంకు ఉందన్నావు కదా, ఆ వెలుగు తీసుకో. నేల మీద పెద్ద కాగితం పరిచి, ఎండ మచ్చ అంచు పావుగంటకోసారి గీసి పక్కన టైము వేయి. సూర్యుడు గంటకి 15 డిగ్రీలు జరుగుతాడు. పెంకు నేలకి పదడుగుల ఎత్తులో ఉంటే మధ్యాహ్నం వేళ ఆ మచ్చ పావుగంటకి దాదాపు ఎనిమిది అంగుళాలు నడుస్తుంది. పొద్దున పడమటి వైపు మొదలై తూర్పుకి పోతుంది. మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ సమానమయ్యే రోజున ఆ దారి తిన్నటి గీత. మిగతా రోజుల్లో వంపు తిరుగుతుంది. అరసవల్లిలో మార్చిలో ఒకసారి, అక్టోబరు తొలి రోజుల్లో ఒకసారి కిరణాలు స్వామి పాదాల మీద పడడం మన వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. మీ వంటింటికీ అలాంటి లెక్కే ఉంది, ఎవరూ గీసి చూడలేదు అంతే. వారానికో రోజు గీస్తే ఆరు వారాల్లో ఆరు దారులు వస్తాయి. మబ్బు పట్టిన టైములో గీత తెగిపోతుంది, దాన్ని కలపకు, తెగినట్టే ఉంచు. కప్పు దింపాక ఈ ప్రయోగం మళ్లీ చేయలేవు.

సవర బొమ్మల గురించి అడిగావు. ఎడిసింగ్ అనే ఆ గోడ బొమ్మలు వాళ్లు తమ దేవతల కోసం, పెద్దల కోసం, పంటల కోసం ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసుకునేవి. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిన సీతంపేట వైపు ఊళ్లలో చూడొచ్చు. అవి మీ ఇంటి గోడ మీద లేవు. లేనివి తెచ్చి అతికిస్తే వాళ్లకీ న్యాయం జరగదు, మీ ఇంటికీ జరగదు. శ్రీకూర్మం గుడి బొమ్మలకీ ఇదే మాట. వెళ్లి చూడు, ఎంతసేపైనా కూర్చో, కానీ ఈ ప్రాజెక్టులోకి తేవొద్దు.

ఒక్కరి పని మాత్రం తప్పకుండా చూడమంటాను. ఆలీగఢ్‌లో పుట్టిన జరీనా (1937–2020). ఊళ్లూ దేశాలూ మారుతూ బతికిన ఆవిడ, తను పెరిగిన ఇంటి ప్లానుని నల్లటి గీతల్లో మళ్లీ మళ్లీ చెక్కి అచ్చు వేశారు. మనుషులుండరు, సామాన్లుండవు. గోడ గీతలు, గుమ్మాల ఖాళీలు అంతే. చూస్తే గొంతు పట్టేస్తుంది. నువ్వు కూడా నోటుబుక్కులో మీ ఇంటి ప్లాను ఒకటి వేసుకో, కాకపోతే టేపుతో కొలవొద్దు. నాయనమ్మని నడవమను. వసారా నుంచి నుయ్యి దాకా ఎన్ని అడుగులేసిందో అదే కొలత.

చూపించే పద్ధతికి పెద్దగా ఆలోచించక్కర్లేదు. ఫ్రేము వద్దు. తలుపు రుద్దిన ఆరు షీట్లనీ గోడకి తలుపు ఉన్న ఎత్తులోనే, నేలకి ఆనించి పెట్టు. అలికిన గుడ్డలు నేల మీదే పరుచు, చూసేవాళ్లు తల వంచుకుని చూడాలి. బొగ్గు పనికి ఫిక్సెటివ్ (బొగ్గు రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) లేకపోతే హెయిర్ స్ప్రే అడుగు దూరం నుంచి రెండుసార్లు పల్చగా కొట్టు. షీట్ల మధ్య బటర్ పేపర్ పెట్టు. ప్లాస్టిక్ కవర్లో చుట్టకు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. నోటుబుక్కు కూడా పక్కన ఉంచు, చెడిపోయిన శాంపిళ్లతో సహా. గైడ్ ముందుగా అడిగేది అదే. ఏ తేదీన ఏం మార్చావు, ఏం వచ్చింది, ఎందుకు ఆపేశావు అన్నవి రెండు మూడు వాక్యాల్లో ఉంటే చాలు. పెద్ద పెద్ద మాటలతో కాన్సెప్ట్ నోటు రాయకు. "మా ఇల్లు పడగొట్టబోతున్నారు. అందులో మనుషులు గీసిన గీతలు తీసుకున్నాను" అన్నది సరిపోతుంది.

ఇప్పుడు వెంటనే చేయాల్సింది ఒకటుంది. మేస్త్రి ఏ రోజు పని మొదలుపెడతాడో నాన్నగారిని అడుగు. సాధారణంగా ముందు పెంకులు దింపుతారు, తర్వాత తలుపులు ఊడదీసి అమ్మేస్తారు. తలుపు ఊడదీయకముందే నేల మీది ఆ పావు వృత్తాన్ని రుద్ది తీసుకో, తలుపు పూర్తిగా తెరిచి ఒకసారి, సగం తెరిచి ఒకసారి. రెక్క కింది మూలని కూడా విడిగా రుద్దు, అరిగిపోయి గుండ్రంగా అయి ఉంటుంది. ఆ మూల, ఆ చాపం ఒకే కాగితం మీద ఉండాలి. తేదీ తెలిశాక ఇక్కడ రాయి, చాపం కొలత కూడా రాయి. కాగితం ఎంత కావాలో, ఎలా అతకాలో అప్పుడు చెప్తాను.